జుర్రత్త ఎర్రపెన్సిలు

జుర్రత్త టీ రుచి చూస్తుంటే పక్కగదిలో ఫోను మాట్లాడేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు. అంత చప్పుడు. చెంచాతో డికాషను తీసుకుని, పెదవులు బిగించి, గాలితో సహా జుర్రుమని లోపలికి లాగుతుంది. నాలుక మీద అటూ ఇటూ దొర్లించి, పక్కనున్న పొడుగాటి రేకు డబ్బాలోకి తుపుక్కున ఉమ్మేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీండి. రోజుకు రెండు వందల కప్పులు ఆవిడ అలా జుర్రితేగాని ఆ టీపొడి కంపెనీ ఎర్ర డబ్బా గేటు దాటదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలుసు, మిగతా అందరికీ ఆవిడ జుర్రత్తే.

రుచిగదిలో పొడవాటి తెల్ల టైల్సు అరుగు, దాని మీద బారుగా చెవుల్లేని తెల్ల కప్పులు, ఆకు తూచే చిన్న త్రాసు, ఆరు నిమిషాలకు గణగణమనే గడియారం. గడియారం పైన గోడకు అంటించిన పెద్ద కాగితం ఒకటి. దాని పేరు వంతుల కాగితం. ఇరవై రెండు తోటల నంబర్లు, ఒక్కొక్క తోట ఆకు ఎర్ర డబ్బాలో ఎంత వంతు పడాలో ఆ లెక్క. పెద్ద తోటకు పెద్ద వంతు, చిన్న తోటకు చిటికెడు. మూడు నెలలకోసారి జుర్రత్త ఎర్రపెన్సిలు పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడుతుంది. ఆకు దిగజారిన తోటను కొట్టేస్తుంది, బాగుపడుతున్న తోటను చేరుస్తుంది. డబ్బా కొనుక్కునేవాళ్ళకు ఈ సంగతులేవీ తెలియవు. వాళ్ళకు తెలిసిందల్లా ఎర్ర డబ్బా రుచి ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందని.

ఇంత తెలివైన మనిషి షేర్ల దగ్గరకొచ్చేసరికి పప్పులో కాలేసింది. ఆవిడొక్కతే కాదు, ఆ కంపెనీలో అందరూ వేశారు. అక్కడ నెలనెలా జీతంలో కొంత కోయించుకుని సొంత కంపెనీ షేర్లే కొనుక్కోవడం అలవాటు. వేరే కంపెనీవి కొనడమంటే ఇంట్లో వండి పెట్టుకుని పక్కింట్లో భోంచేసి వచ్చినంత తప్పుగా చూసేవారు. పైగా వాళ్ళ వాదన ఒకటుంది. మన టీ లాంటి టీ ఇంకోటి లేదు, ఆ సంగతి మన నాలుకకే తెలుసు, కాబట్టి మన షేరుకు ఢోకా లేదు. ఆకును చూసి షేరును నమ్మడం టీ మనుషులు మాత్రమే చేయగల పొరపాటు.

ఒక సాయంత్రం వార్తల్లో చెప్పారు, షేర్ల సూచీ ఆరువందల పాయింట్లు ఎగబాకిందని. జుర్రత్త దగ్గర ఎనిమిది వందల షేర్లున్నాయి. పాయింటంటే డబ్బేననుకుంది. ఆరువందలను ఎనిమిది వందలతో హెచ్చవేసింది. వచ్చిన అంకె చూసి, కంటికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారం బాగుచేస్తున్న మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

“ఏమండీ! ఇవాళ ఒక్కరోజులో మనం నాలుగు లక్షల ఎనభై వేలు సంపాదించాం!”

“నేనేం చేశానే? పొద్దుట్నించీ ఈ ఒక్క స్ప్రింగుతోనే కుస్తీ పడుతున్నాను,” అన్నాడాయన తలెత్తకుండా.

ఆవిడ ఆగలేదు. బజారుకెళ్ళి, దుకాణంలో ఉన్నవాటిలోకల్లా పెద్ద బట్టలుతికే మిషను చూపించి, ఇదే కావాలని బయానా ఇచ్చి వచ్చింది. మర్నాడు పని మధ్యలో సెలవు పెట్టి, షేర్లు కొని అమ్మే ఆఫీసుకు వెళ్ళింది. కౌంటరు వెనక ఆవిడ మేనకోడలే కూర్చుంటుంది.

మేనకోడలు అంతా విని మొదట నవ్వింది, తరువాత కంప్యూటర్లో చూసి నవ్వు మానేసింది. “అత్తా, నీ షేరు నిన్న పెరగలేదు. తగ్గింది. ఏడాది నించీ తగ్గుతూనే ఉంది, చూసుకోలేదా? దాదాపు సగానికొచ్చింది.”

“సగమా! మరి టీవీలో మార్కెట్టు పెరిగిందన్నారుగా?”

“సూచీ పెరిగిందన్నారు. సూచీ అంటే నీ షేరు కాదు, నా షేరూ కాదు. నలభై పెద్ద కంపెనీల్ని ఒక జాబితాగా పెట్టుకుని, పెద్దదానికి పెద్ద వంతు, చిన్నదానికి చిన్న వంతు వేసి, మొత్తమ్మీద అవి ఎటు పోతున్నాయో ఒకే అంకెలో చెప్తారు. పాయింటంటే డబ్బు కాదత్తా. జ్వరం చూసినప్పుడు డిగ్రీ లాంటిది.”

“ఆ నలభైలో మా కంపెనీ ఉందిగా?”

మేనకోడలు ఇంకో జాబితా తెరిచి చూసింది. “ఉండేది. కిందటి మార్పుల్లో తీసేశారు.”

జుర్రత్త కుర్చీలోంచి లేచింది. “తీసేయడానికి వాళ్ళెవరు? మా ఆకు తాగి చూశారా? మా గదిలో అడుగు పెట్టారా?” కౌంటరు దగ్గర వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ చేతిసంచీ లాక్కుని బయటికొచ్చేసింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఇద్దరు మనుషులు పెద్ద మిషనును పక్కకు వంచి లోపలికి దూర్చలేక అవస్థ పడుతున్నారు. తిప్పి పంపితే వీధంతా నవ్వుతుందని దాన్ని ఉంచేసుకుంది. తలుపు ఒక రెక్క ఊడదీస్తేగాని అది లోపలికి రాలేదు.

ఆ వారంలోనే వంతుల కాగితం సరిచూసే రోజు వచ్చింది. జుర్రత్త ఎర్రపెన్సిలు పట్టుకుని గోడ ముందు నిలబడింది. పైనుంచి మూడో గడిలో పాత ఎర్రగీత కనబడింది. మూడో తోట. దాన్ని కొట్టేసింది ఆవిడే. అప్పుడు ఆ తోట యజమాని ఊగిపోతూ రుచిగదిలోకి వచ్చాడు. “మా తోటను తీసేయడానికి మీరెవరు?” అని అరిచాడు. తానేం జవాబు చెప్పిందో ఆవిడకు మాట మాటా గుర్తొచ్చింది. “నీ తోట మీద నాకు కోపం లేదయ్యా. నేను చూసుకోవాల్సింది డబ్బాను.”

పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే, సిగ్గును పక్కకు తోసుకుంటూ, పట్టరాని సంతోషం వచ్చింది. సూచీ అంటే ఏమిటో ఆవిడకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలుసు! రోజూ చేతులతో చేస్తోంది! ఇరవై రెండు తోటలు, వాటి వంతులు, అప్పుడప్పుడు ఓ ఎర్రగీత. తేడా అల్లా అక్కడ తోటలు కాదు, నలభై కంపెనీలు.

అప్పటినుంచి ఆదివారమొస్తే మేనకోడలి ఇంట్లోనే మకాం. ఊరికే నమ్మే రకం కాదావిడ. పదేళ్ళ కిందటి నలభై పేర్లూ, ఇప్పటి నలభై పేర్లూ తెమ్మంది, పక్కపక్కన పెట్టుకుని పెన్సిలుతో కొట్టుకుంటూ పోయింది. పదిహేడు పేర్లు మాయమయ్యాయి. వాటిలో కొన్ని అప్పట్లో తిరుగులేనివని జనం చెప్పుకున్నవి. అయినా సూచీ మాత్రం పదేళ్ళలో పడుతూ లేస్తూ పైకే నడిచింది. ఆ నలభైనీ అవే వంతుల్లో కొని పెట్టుకునే ఫండ్లు ఉంటాయనీ, ఇండెక్స్ ఫండ్ అంటే అదేననీ, వాటికి ఖర్చు తక్కువనీ మేనకోడలు చెప్పింది.

“ఎందుకు తక్కువ?”

“ఏది మంచిది ఏది చెడ్డది అని రుచి చూసేవాళ్ళు అక్కరలేదు కదత్తా. జాబితా ఎలా ఉంటే అలా కొనడమే.”

“నాలుకే లేకుండానా!” జుర్రత్తకు కాస్త చిన్నతనమనిపించింది. ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయింది. కానీ ఆ నెలలోనే తన షేర్లలో పదో వంతు ఉంచుకుని మిగతావి అమ్మేసి ఆ ఫండులో పెట్టింది. ఆ పదో వంతు ప్రేమ కొద్దీ ఉంచుకుంది. ఆ ప్రేమ ఖరీదు ఇంతవుతుందని తెలిసే ఉంచుకుంది.

కథ ఇక్కడితో అయిపోతే అది ఆవిడ సొంత గొడవ. కాని ఆ ఫ్యాక్టరీలో నూట నలభై మందికి ఒక సంక్షేమ నిధి ఉంది. జీతంలోంచి పైసా పైసా కూడబెట్టింది, పని మానేశాక బతకడానికి. అన్నాళ్ళూ అది బ్యాంకులో పడి ఉంది. ఇప్పుడు కంపెనీ పెద్దలు కబురంపారు: మన షేరు చవగ్గా ఉంది, నిధి మొత్తం మన షేర్లలోనే పెట్టండి, కంపెనీకీ ఆసరా, మీకూ లాభం. కంపెనీ ఆ మధ్య సీసాల్లో చల్లటి పానీయాల వ్యాపారం పెట్టి చేతులు కాల్చుకుంటోందని అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు.

నిధికి అధ్యక్షుడు స్టోరు సూపర్‌వైజరు. అందరూ పెద్దన్న అంటారు. చీపురు కట్ట కొన్నా రసీదు అడిగే నిజాయితీపరుడు. కంపెనీ అంటే ఆయనకు ప్రాణం. కమిటీలో జుర్రత్త కూడా ఉంది. సమావేశాలకు మంచి టీ దొరుకుతుందని వేసుకున్నారు గానీ, ఆవిడ మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు.

“వద్దు పెద్దన్నా,” అంది జుర్రత్త. “ఒక్క తోట ఆకుతో డబ్బా నింపుతామా?”

“ఇది తోటలూ డబ్బాలూ కాదు చెల్లెమ్మా. ముప్ఫై ఏళ్ళు ఉప్పు తిన్న చోటు. కష్టంలో వదిలేసి పోతామా?”

“వదిలేసి ఎక్కడికి పోతాను? రేపు పొద్దున్నే ఏడున్నరకు వచ్చి జుర్రేది ఇక్కడేగా. జీతమూ ఇక్కడే. ముసలితనం కూడా ఇక్కడే పెట్టాలా? రేపు గేటు మూసేస్తే రెండూ ఒకేసారి పోతాయే!”

గేటు మూసేయడమన్న మాట వినగానే కమిటీలో మిగతా ముగ్గురూ ఒంటికాలి మీద లేచారు. నోటికొచ్చిన అపశకునం మాటలేమిటన్నారు. పెద్దన్న మొహం ఎర్రబడింది. జుర్రత్త పట్టు విడవలేదు. పెడితే సూచీ ఫండులో పెడదాం అంది. డబ్బు నూట నలభై మందిది, అడగాల్సింది వాళ్ళనే అంది. ఆ మాటకు పెద్దన్న కాదనలేకపోయాడు, న్యాయం ఆయన బలహీనత. శనివారం మధ్యాహ్నం ప్యాకింగు హాల్లో సభ అన్నాడు.

ఆ శనివారం జుర్రత్త పొద్దున్నుంచీ ఊపిరి తిప్పుకోలేదు. నాలుగు పెద్ద స్టీలు పాత్రల్లో టీ కాచి, వాటి మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు, నాలుగు గీతలు గీసింది. ఏ గీత ఏమిటో ఎవరికీ చెప్పలేదు. నూట నలభై మందీ చిన్న కాగితం కప్పులతో వరసలో కదిలారు. సభ అన్నారు, పెళ్ళివిందులా ఉందేమిటని కొందరు నవ్వారు.

“ఇప్పుడు చెప్పండి,” అంది జుర్రత్త బల్ల పక్కన నిలబడి. రెండు వందల కప్పుల ముందు వణకని మనిషి, నూట నలభై మొహాల ముందు వణికింది. “ఏ రెండూ ఒకటే?”

“మూడూ నాలుగూ,” అన్నారు చాలామంది. టీపొడి ఫ్యాక్టరీ మనుషులు, నాలుకలు మొద్దుబారినవేం కాదు.

“అన్నింట్లోకీ గొప్పది?”

“ఒకటో గీత!” ఈసారి హాలంతా అరిచింది.

“పనికిరానిది?”

“రెండు! గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది,” అంది డబ్బాలకు మూతలు బిగించే ఆవిడ.

“ఆ ఒకటి, నిరుటి ఏడో తోట ఆకు. ఆ రెండు, ఈ ఏటి ఏడో తోట ఆకు.”

పండగలకీ పుట్టినరోజులకీ అడిగి మరీ ఇంటికి పట్టుకుపోయే ఆకు ఏడో తోటది. మూతలామె రెండో కప్పు మళ్ళీ వాసన చూసింది. “ఇది ఏడో తోటదేనా? ఒట్టు?”

“ఒట్టు. నలభై రోజులు వాన వదల్లేదు, వేళ్ళు కుళ్ళాయి. వాళ్ళ తప్పేం లేదు. ఇక మూడూ నాలుగూ మన ఎర్ర డబ్బా. నిరుటిది, ఈ ఏటిది. ఏడో తోట మంచిగా ఉన్న ఏడాది అంత గొప్పగా మన డబ్బా ఎన్నడూ ఉండదు, ఒప్పుకుంటాను. అది చెడిన ఏడాది ఇలా కూడా ఎన్నడూ ఉండదు. సూచీ ఫండంటే ఆ డబ్బా, నలభై కంపెనీలు కలిపింది. మన కంపెనీ షేరంటే ఏడో తోట. మనవాళ్ళ ముసలితనం ఏ పాత్రలో పెడదామో మీరే చెప్పండి.”

లారీల్లోకి బస్తాలు ఎత్తే ఒకతను చెయ్యెత్తాడు. “జుర్రత్తా, తోటలన్నీ ఒకేసారి ఎండితేనో?”

మంచి ప్రశ్న. అబద్ధం చెప్పడానికి అదే చోటు. చెప్పలేదావిడ. “ఎండుతాయి నాయనా. తప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు ఎండుతాయి. అప్పుడు డబ్బా కూడా చప్పబడుతుంది. ఏడాదో రెండేళ్ళో ఇంకా ఎక్కువో, ఓపిక పట్టాలి. అందుకే రెండు మూడేళ్ళలో పని మానేసేవాళ్ళ డబ్బు ముట్టుకోవద్దు, బ్యాంకులోనే ఉండనిద్దాం. మిగతాదే పెడదాం.”

కంపెనీ వైపు వాళ్ళు ఖాళీ కప్పు ఎడమ బల్ల మీద, సూచీ వైపు వాళ్ళు కుడి బల్ల మీద పెట్టాలన్నారు. లెక్కపెట్టారు. కుడి వైపు ఎనభై మూడు. ఎడమ వైపు నలభై తొమ్మిది. ఎనిమిది మంది ఎటూ తేల్చుకోలేక కప్పులు చేత్తోనే ఇంటికి పట్టుకుపోయారు. ఎడమ బల్ల మీద ఒక్క కప్పు మాత్రం అంచుదాకా నిండుగా ఉంది. అది పెద్దన్నది. ఒక్క గుక్క కూడా తాగలేదు. గెలిచిన సంతోషంలో కూడా ఆ నిండు కప్పు జుర్రత్తను ములుకులా గుచ్చింది. పెద్దన్న మాత్రం సోమవారం పొద్దున్నే కాగితాల మీద సంతకాలు పెట్టి, ఓట్లు చెప్పినట్టే చేశాడు. ఆవిడతో మాట్లాడటం మానేశాడు.

ఏడు నెలలు తిరగకుండా తోటలన్నీ ఎండాయి. అంటే, మార్కెట్టు కూలింది. సూచీ నాలుగో వంతు జారిపోయింది. ఒక ఉదయం రుచిగది గుమ్మంలో ఇరవై మంది నిలబడి ఉన్నారు. కొంప ముంచావు జుర్రత్తా అన్నారు, ఉన్నదైనా మిగుల్చుకుందాం అమ్మేయమన్నారు. ఆవిడ ధైర్యంగా ఉందని చెబితే అది అబద్ధం. మూడు రోజులుగా ముద్ద దిగలేదు. నూట నలభై కుటుంబాల తిండి తన నోటి మాట మీద ఆడుతోందని రాత్రుళ్ళు లేచి లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకుంది.

ఆ ముందు రోజే మొగుడి దగ్గర కూర్చుని బావురుమంది. ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన అది తీశాడంటే విషయం పెద్దదే. “నా దగ్గరికొచ్చే గడియారాల్లో సగం వాటంతట అవి పాడైనవి కావే. కాస్త వెనకబడిందని కంగారుపడి, ముల్లు తిప్పి తిప్పి చెడగొట్టుకొస్తారు. నీ లెక్క తప్పా?”

“తప్పు కాదు.”

“మరి ముల్లు ముట్టుకోకు.”

గుమ్మంలో ఉన్న ఇరవై మందికీ ఆవిడ వంతుల కాగితం చూపించింది. “వాన లేదు. తోటలన్నీ దిగులుగా ఉన్నాయి. ఒక్క తోట చస్తే నేను ఎర్రగీత గీస్తాను. తోటలన్నీ ఒకేసారి చస్తాయా? జనం సబ్బులు కొనడం మానేస్తారా, బస్సులెక్కడం మానేస్తారా, దీపాలార్పుకు కూర్చుంటారా? పెట్టేటప్పుడే చెప్పానుగా ఇలాంటి రోజు వస్తుందని. డబ్బా మూత తీయొద్దు.” గొణుక్కుంటూ వెళ్ళారు. ఏడాదిన్నర ఆ గొణుగుడు ఆవిడ చెవిలో జోరీగలా తిరిగింది. ఆ తరువాత సూచీ పాత మెట్టు దాటింది, ఇంకో మెట్టెక్కింది. గొణిగినవాళ్ళే వచ్చి, మేం ముందే అనుకున్నామన్నారు. జుర్రత్త వాదించలేదు, ఒక్కొక్కరికీ కప్పెడు టీ పోసింది.

అయితే కంపెనీ మాత్రం లేవలేదు. చల్లటి పానీయాలు దాన్ని నాలుగేళ్ళలో మింగేశాయి. ఎర్ర డబ్బా పేరును ఎవరో కొనుక్కున్నారు, ఫ్యాక్టరీకి తాళం అన్నారు. షేరు ధర కప్పు టీ ఖరీదు కన్నా కిందికి దిగిపోయింది. నిధి అందులో ఉండి ఉంటే పనివాళ్ళంతా ఆ రోజు చేతులూపుకుంటూ గేటు దాటేవారు.

వాళ్ళు చేతులూపుకుంటూ దాటలేదు. చివరి రోజు అదే ప్యాకింగు హాల్లో పెద్దన్న బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి కాగితం చేతికిచ్చాడు. ఎవరెవరు ఎంత దాచుకున్నారో అదంతా, దాని పైన ఇంకా సగం. మూతలామె అంకె చదువుకుని, సరిగా చదివానా అని పక్కావిడతో చదివించుకుని, ఏడుస్తూ నవ్వింది. బస్తాల అతను జుర్రత్తను అమాంతం ఎత్తి బల్ల మీద నిలబెట్టాడు. దించరా వెధవా అని ఆవిడ కేకలు పెడుతుంటే హాలంతా చప్పట్లు. మర్నాడు పొద్దున్నే గేటుకు తాళం పడుతుందని తెలిసినవాళ్ళు కొట్టిన చప్పట్లవి. ఫ్యాక్టరీ ఏడిపించినా వాళ్ళు తలెత్తుకునే బయటికి నడిచారు.

జనం పలచబడ్డాక జుర్రత్త రుచిగదికి వచ్చింది. కప్పులు బోర్లించింది, గోడ మీది కాగితం ఊడదీసి చుట్టింది, ఎర్రపెన్సిలు సంచీలో వేసుకుంది. గుమ్మంలో అలికిడైంది. పెద్దన్న. చేతిలో ఆయన కాగితం ఉంది, అందరికీ ఇచ్చాక చివరగా తనకు తాను ఇచ్చుకున్నది. నాలుగేళ్ళుగా ఆ గదిలోకి రాని మనిషి.

“నా షేర్లన్నీ బూడిదయ్యాయి చెల్లెమ్మా. నిధిలోది ఒక్కటే మిగిలింది,” అన్నాడు. “ఆవేళ నా కప్పు నిండుగా వదిలేశాను. ఇప్పుడు పోస్తావా?”

జుర్రత్తకు కళ్ళు నిండాయి. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. చివరి ఎర్ర డబ్బా మూత తీసి, ఆకు తూచి వేసి, గడియారం గణగణమనేదాకా ఇద్దరూ నిలబడ్డారు. కప్పుతో పాటు చెంచా కూడా ఆయన ముందుకు జరిపింది. ముప్ఫై ఏళ్ళలో పెద్దన్న ఆవిడలా జుర్రింది లేదు, మర్యాద కాదని ఆయన అభిప్రాయం. చెంచా అందుకున్నాడు. అటూ ఇటూ చూసి, పెదవులు బిగించి, జుర్రుమన్నాడు. పొలమారింది. దగ్గుతూనే నవ్వాడు.

“చప్పుడు చాలలేదు పెద్దన్నా,” అంది జుర్రత్త కళ్ళు తుడుచుకుంటూ. “ఇంకోసారి.”